గొడవంతా నోటీసు కాగితంలోనే ఉంది: అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ గురించి

సెల్లార్‌లో అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. గరగరలాడే మైకు. ముందు వరుసలో లేచి నిలబడి ఒకేసారి మాట్లాడే నలుగురు, వెనక ఫోన్లు చూసుకునే నలభై మంది. "ముందు లెక్కలు చూపించండి సార్, మిగతావి తర్వాత" అని ఒక కేక. రెండున్నర గంటలయ్యాక లిఫ్టు సంగతి తేలదు, ట్యాంకర్ల సంగతి తేలదు. పక్కపక్క ఫ్లాట్ల వాళ్ళిద్దరు మాత్రం ఆ రోజు నుంచి మాట్లాడుకోరు. హైదరాబాదైనా విజయవాడైనా విశాఖైనా, ఏడాదికోసారి జరిగే ఈ జనరల్ బాడీ (ఫ్లాట్ల యజమానులందరి సభ) తంతు ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

దీనికి అందరూ చెప్పే కారణం "మనవాళ్ళకి క్రమశిక్షణ లేదండీ" అని. ఈ మాట నాకు నచ్చదు. ఇదే మనుషులు ఆఫీసు మీటింగులో గంటసేపు కుదురుగా కూర్చుంటారు. ఇంటి బేరమో పొలం బేరమో అయితే లక్షల వ్యవహారాన్ని గొంతు పెంచకుండా తేల్చుకుంటారు. సెల్లార్‌లోకి వచ్చేసరికి ఎందుకు మారిపోతారు? అక్కడికి వచ్చేదాకా వాళ్ళకి ఏ సంగతీ తెలియదు కాబట్టి. ఏం తేల్చాలో తెలియదు, డబ్బు ఎక్కడికి పోయిందో తెలియదు, తమకి మాట్లాడే వంతు వస్తుందో రాదో తెలియదు. అలాంటి మనిషికి మిగిలేది గొంతే. సభను చక్కగా నడిపే నేర్పు సభ రోజున పనికొచ్చేది కొంతే. గొడవ తగ్గించే పనిలో ఎక్కువ భాగం నోటీసు పంపిన రోజుకీ సభ రోజుకీ మధ్య ఉన్న మూడు వారాల్లో జరగాలి.

పొదుపు సంఘాల వాళ్ళు మనకంటే నయం

ఈ విషయంలో మనం నేర్చుకోవాల్సింది పెద్ద కంపెనీల దగ్గర కాదు, పల్లెల్లో పొదుపు సంఘాల దగ్గర. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990లలో ఊపందుకున్న మహిళా సంఘాలు ఇవాళ తెలుగు నాట ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఒక్కో సంఘంలో 10 నుంచి 15 మంది. వాళ్ళకి పంచసూత్రాలని ఐదు నియమాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులిచ్చుకోవడం, సమయానికి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. బ్యాంకులు వాళ్ళకి అప్పిచ్చే ముందు చూసేవీ ఇవే.

వాళ్ళ సమావేశం నడిచే తీరు చూడండి. రోజు మారదు, చోటు మారదు. గుండ్రంగా కూర్చుంటారు, వేదిక ఉండదు. హాజరు వేశాక పోయినసారి తీర్మానాలు చదువుతారు. పొదుపు డబ్బు అందరి ముందే లెక్కపెడతారు. అప్పు ఎవరికి కావాలో, ఎందుకో అందరి ముందే అడుగుతారు. తీర్మానం అక్కడే రాసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టించుకుంటారు. వాళ్ళలో తగాదాలు లేవని కాదు, అప్పులున్న చోట తగాదా లేకుండా ఎలా ఉంటుంది? కానీ "డబ్బు ఏమైంది" అన్న అనుమానం సంవత్సరం పొడుగునా పేరుకుపోయే వీలు ఆ పద్ధతిలో తక్కువ.

తమాషా ఏమిటంటే, ఆ సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యలు రిజిస్టరయ్యేదీ, మన అపార్ట్‌మెంట్ సంఘాల్లో చాలా వాటిని రిజిస్టరు చేసేదీ ఒకే చట్టం కింద: 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. (మిగతావి ఎక్కువగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి.) చట్టం ఒకటే అయినా, వాళ్ళు పన్నెండు మంది నెలనెలా కూర్చుంటే మనం అరవై మందిమి ఏడాదికోసారి కూర్చుని ఏడాది కోపాన్నంతా రెండు గంటల్లో కక్కేయాలని చూస్తాం.

లెక్క వేసి చూడండి. అరవై ఫ్లాట్ల బ్లాకులో ఒక్కొక్కరికి మూడు నిమిషాలిస్తే ఒక్క అంశానికే 180 నిమిషాలు. అజెండాలో తొమ్మిది అంశాలుంటాయి. అంటే అందరూ అన్నిటి మీదా మాట్లాడే సభ అసాధ్యం. అది అసాధ్యమని ఎవరూ పైకి చెప్పరు కాబట్టి, నోరున్నవాడిదే రాజ్యం అవుతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పే మొదటి సలహా: జనరల్ బాడీకి పది రోజుల ముందు అంతస్తుకో చిన్న సమావేశం పెట్టండి. ఐదంతస్తులు, అంతస్తుకి పన్నెండు ఫ్లాట్లు అనుకుంటే అది సరిగ్గా పొదుపు సంఘమంత గుంపు. నలభై నిమిషాలు చాలు. కారిడార్‌లోనే కుర్చీలు వేసుకోవచ్చు. కమిటీ నుంచి ఒక్కరు వెళ్ళి, వాదించకుండా, రాసుకుని రావాలి. ఈ "వాదించకుండా" అన్నదే కష్టం. సెక్రటరీగారు మూడో అంతస్తులో కూర్చుని తన హయాంలో జరిగిన పనులన్నీ సమర్థించుకోవడం మొదలుపెడితే ఆ సమావేశం పెట్టకపోవడమే మేలు. రాసుకోవాల్సినవి మూడే: ఏ విషయం మీద కోపంగా ఉన్నారు, ఏ అంకె కావాలంటున్నారు, ఏది జరిగితే సరిపోతుందంటున్నారు.

లెక్క తేలని ప్రశ్నలూ, తేల్చాల్సిన ప్రశ్నలూ

సభలో గంటలు తినేసేవి అభిప్రాయ భేదాలని మనం అనుకుంటాం. దగ్గర నుంచి చూస్తే సగం గొడవలు అభిప్రాయాల మీద ఉండవు, ఎవరి దగ్గరా లేని అంకెల మీద ఉంటాయి. "నీళ్ళు చాలట్లేదు" అన్నది చూడండి. ఒకాయన వాచ్‌మన్ మోటారు వేయడం లేదంటాడు. ఇంకొకావిడ పై అంతస్తువాళ్ళు కారు కడుగుతున్నారంటుంది. ట్యాంకర్ల లెక్కలో మోసముందని మరొకరు. ఈ ముగ్గురూ సాయంత్రం దాకా వాదించుకున్నా ఒక్క చుక్క నీరు పెరగదు.

నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం. అరవై ఇళ్ళు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకి 32,400 లీటర్లు. ఇప్పుడు మీటరు ప్రకారం జలమండలి నీళ్ళు ఎన్ని వచ్చాయి, బోరు ఎన్ని గంటలు నడిచింది, గంటకి ఎంత పోస్తోంది (ఖాళీ సంపులోకి అరగంట వదిలి కొలిస్తే తెలిసిపోతుంది), 10,000 లీటర్ల ట్యాంకర్లు ఏ నెలలో ఎన్ని వచ్చాయి అని ఒక పట్టిక వేస్తే, లోటు ఎంతో, ఏ నెలల్లోనో కళ్ళకి కడుతుంది. వచ్చిన నీళ్ళు 32,000కి బాగా మించి ఉండి ఇంకా చాలట్లేదంటే పైపు కారుతోందనో, ట్యాంకు పొంగిపోతోందనో అర్థం. అది ప్లంబరు పని, దాని మీద ఓటింగు ఏమిటి? నిజంగానే లోటుంటే అప్పుడు సభకి ప్రశ్న తయారైనట్టు: ఇంకో బోరు వేద్దామా, ట్యాంకర్ల బడ్జెట్ పెంచుదామా, ఇంటింటికీ మీటర్లు పెడదామా. ఈ మూడిట్లో ఒక్కోదాని ఖర్చెంతో పక్కనే ఉండాలి.

అజెండా రాసేటప్పుడు ప్రతి అంశాన్నీ ఈ జల్లెడలో వేయాలి. "నీటి సమస్య", "పార్కింగ్", "సెక్యూరిటీ" అని రాస్తే అది అజెండా కాదు, తిట్టుకోవడానికి శీర్షికల జాబితా. "విజిటర్ పార్కింగ్‌లోని 6 స్థలాల్లో రాత్రి 10 తర్వాత యజమానుల రెండో కారు పెట్టనివ్వాలా, వద్దా? పెట్టనిస్తే నెలకి ఎంత?" అని రాయండి. దానికి అవునో కాదో చెప్పొచ్చు. అవునో కాదో చెప్పడానికి వీల్లేని వాక్యం ఏదైనా నోటీసులో ఉందంటే, ఆ అంశం ఇంకా సభకి తయారు కాలేదు.

అజెండాలో చివర ఉండే "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అన్న పంక్తి గురించి ఒక మాట. సగం యుద్ధాలు ఆ పంక్తిలోంచే పుడతాయి. సభ ముగిసే వేళ, సగం మంది వెళ్ళిపోయాక, ఎవరో లేచి "ఈ బ్యాచిలర్ కుర్రాళ్ళకి ఫ్లాట్లు అద్దెకివ్వకూడదని తీర్మానం చేయండి" అంటారు. ఆ పంక్తిని తీసేయనక్కర్లేదు, కానీ దాని కింద వచ్చినవాటిని రాసుకోవడమే తప్ప తీర్మానించడం ఉండదని నోటీసులోనే అచ్చువేయాలి.

అసలు ఓటుకి పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. కుక్కల్ని పెంచుకోకూడదని తొంభై శాతం మంది చేతులెత్తినా ఆ తీర్మానం చెల్లదు. జంతు సంక్షేమ మండలి 2015 నుంచీ ఈ మాట చెప్తూనే ఉంది. వీధికుక్కలకి తిండి పెట్టే చోటు విషయంలోనైతే 2023 జంతు జనన నియంత్రణ నియమాలు ఆ ఏర్పాటు బాధ్యతని నివాసుల సంఘం మీదే పెట్టాయి. కాబట్టి "పెట్టాలా వద్దా" అన్నది ప్రశ్న కాదు, "ఎక్కడ, ఏ వేళ" అన్నదే ప్రశ్న. ఎవరింట్లో ఏం వండుకుంటారన్నదీ, ఎవరింటికి ఏ మతం, ఏ కులం వాళ్ళు అద్దెకి వస్తారన్నదీ సంఘం నోట రాకూడని విషయాలు. వీటిని సభలో చర్చకి రానిచ్చి తర్వాత శాంతపరచాలని చూసే అధ్యక్షుడు ముందే ఓడిపోయినట్టు.

లెక్కలు సభలో చదవకండి

ట్రెజరరు నిలబడి పద్దులు చదువుతుంటే జనం వింటారా? వినరు. ఒక అంకె చెవిన పడుతుంది, "గార్డెనింగ్ 1,86,000" అని. అంతే, మిగతా గంట గార్డెనింగే. పక్కనే ఉన్న 14 లక్షల సెక్యూరిటీ బిల్లుని ఎవరూ అడగరు. తోట అందరికీ కనబడుతుంది, మొక్క ధర అందరికీ తెలుసు కాబట్టి.

పది రోజుల ముందే ఒక్క పేజీ పంపండి. మొదటి రోజు నిల్వ, వసూళ్ళు, బకాయిలు, పది పన్నెండు పద్దుల్లో ఖర్చు, చివరి నిల్వ. ప్రతి పద్దు పక్కన పోయిన ఏడాది అంకె. పది శాతానికి మించి తేడా వచ్చిన ప్రతి పద్దుకీ ఒక వాక్యం వివరణ. కార్పస్ (సంఘం మూలనిధి) ఏ బ్యాంకులో, ఎంతకి, ఎప్పటిదాకా డిపాజిట్‌లో ఉందో కింద. బిల్లులూ బ్యాంకు స్టేట్‌మెంటూ చూడదలిచినవాళ్ళ కోసం రెండు సాయంత్రాలు, ఏడు నుంచి తొమ్మిది దాకా, ఆఫీసు గదిలో ఫైళ్ళు తెరిచి పెట్టండి. వచ్చేది ముగ్గురో నలుగురో. కానీ సభలో "దాచారు" అనేవాళ్ళకి "బుధవారం సాయంత్రం తెరిచి పెట్టాం" అన్న జవాబు ఉంటుంది. ప్రశ్నలు శుక్రవారంలోగా రాతలో ఇమ్మనండి, శనివారం రాత్రికి జవాబుల కాగితం అందరికీ పంపండి. సభలో లెక్కల అంశానికి ఇరవై నిమిషాలు, వీలైతే ఆడిటరు కూడా ఉండగా.

బకాయిదారుల పేర్లు లిఫ్టు పక్కన అతికించే అలవాటు చాలా చోట్ల ఉంది. కట్టేవాళ్ళకి తృప్తిగా ఉంటుందేమో గానీ, పరువు పోయిందనుకున్న మనిషి ఆ డబ్బు ఇక జన్మలో కట్టడు. పైగా జనరల్ బాడీకి వచ్చి ప్రతి అంశాన్నీ అడ్డుకుంటాడు. మొత్తం బకాయి ఎంత, ఎన్ని ఫ్లాట్లది, ఎన్ని నెలలది అని చెబితే చాలు. పేర్లున్న కాగితం కమిటీ దగ్గర, నోటీసు ఆ ఫ్లాటుకి.

మెయింటెనెన్స్: ఓటుతో గెలిచి ఓడిపోయే అంశం

అన్నిటికంటే ఎక్కువ సంఘాల్ని చీల్చేది ఇదే. ఫ్లాటుకింత అని సమానంగా వేయాలా, చదరపు అడుగుకింత అని వేయాలా? ఊహకి ఒక బ్లాకు తీసుకుందాం. 1,200 చదరపు అడుగుల ఫ్లాట్లు 40, 1,800వి 20. నెల ఖర్చు 2,10,000 రూపాయలు. సమానంగా వేస్తే అందరికీ 3,500. మొత్తం విస్తీర్ణం 84,000 అడుగులు కాబట్టి అడుగు లెక్కన రూ. 2.50, అంటే చిన్న ఫ్లాటుకి 3,000, పెద్దదానికి 4,500.

ఓటుకి పెడితే ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. నలభై మంది చిన్న ఫ్లాట్లవాళ్ళు అడుగు లెక్కకే చేతులెత్తుతారు. 40-20తో నెగ్గుతుంది. మరుసటి నెల ఆ ఇరవై మందిలో ఏడెనిమిది మంది పాత మొత్తమే కడతారు. "లిఫ్టు మా ఇంటికి రెండు సార్లు వస్తుందా? వాచ్‌మన్ మా తలుపు దగ్గర రెట్టింపు సేపు నిలబడతాడా?" అన్న వాళ్ళ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పెద్ద ఇంటికి రంగులేయడానికి ఎక్కువ గోడ ఉంటుంది, అమ్ముకుంటే ఎక్కువ వస్తుంది అన్న అవతలి వాదనలోనూ న్యాయం ఉంది. సంఘం తీర్మానాలకి ఉన్న చిక్కే అది: ఓడిపోయినవాళ్ళు ప్రతి నెలా డబ్బు కడితేనే గెలుపు గెలుపవుతుంది.

ఇక్కడ ముందుగా చూడాల్సింది బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, ఏం రాసి ఉందో. అక్కడ ఒక పద్ధతి స్పష్టంగా ఉంటే, మామూలు తీర్మానంతో దాన్ని మార్చడం కుదరదు, బైలాస్ సవరణకి వేరే దారి ఉంటుంది. లేకపోతే ఖర్చుల్ని విడగొట్టండి. వాచ్‌మన్, లిఫ్టు, కామన్ లైట్లు, చెత్త: ఇవి ఇల్లు ఎంతదైనా ఒకటే. రంగులు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, పెద్ద మరమ్మతుల నిధి: ఇవి విస్తీర్ణాన్ని బట్టి. పై ఉదాహరణలో ఖర్చు సరిగ్గా చెరిసగం అనుకుంటే, ఫ్లాటుకి 1,750 చొప్పున సమానంగానూ, అడుగుకి రూ. 1.25 చొప్పున మిగతాదీ వేస్తే చిన్నవాళ్ళకి 3,250, పెద్దవాళ్ళకి 4,000. లెక్క 2,10,000కి సరిపోతుంది. ఇది ఎవరికీ పూర్తిగా నచ్చదు, అయినా కడతారు. ఎందుకు కట్టాలో ఒక్కో పద్దుకీ కారణం కనబడుతుంది కాబట్టి.

ఈ మూడు పద్ధతుల పట్టికా ప్రతి ఇంటికీ ముందే అందాలి, ఎవరి ఫ్లాటుకి ఎంత పడుతుందో ఆ ఇంటి అంకెతో సహా. ఈ పట్టిక తయారు చేసే ముగ్గురిలో ఒకరు కచ్చితంగా పెద్ద ఫ్లాటు వాళ్ళయి ఉండాలి, అదీ గట్టిగా వ్యతిరేకించే మనిషే అయి ఉండాలి. మనకి అనుకూలమైన "పెద్ద ఫ్లాటాయన"ని వెతికి వేసుకుంటే మొదటికే మోసం. (రేటు పెంచేటప్పుడు ఇంకొకటి చూసుకోండి: నెలకి ఒక్కో సభ్యుడి మీద 7,500 దాటి, సంఘం వార్షిక వసూళ్ళు 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ వచ్చి పడుతుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఇది సభ మధ్యలో ఎవరో గుర్తు చేస్తే తప్ప తెలియని సంగతి.)

మనవాళ్ళకి ఏకగ్రీవం మీద ఉన్న మోజు నాకు అర్థం కాదు. పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్ళకి ప్రభుత్వాలే నజరానాలు ప్రకటించాయి. ఆ గాలి అపార్ట్‌మెంట్లకీ సోకింది. "అందరూ ఒప్పుకున్నట్టే కదా?" అని అడిగి, మూడు సెకన్లు ఆగి, "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసేస్తారు. ఆ మూడు సెకన్లలో నోరు విప్పనివాళ్ళు ఆ రాత్రి వాట్సాప్‌లో విప్పుతారు. దానికంటే, "దీనితో బొత్తిగా సరిపడనివాళ్ళెవరు? కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, మినిట్స్‌లో (సభలో జరిగినవి రాసే పుస్తకంలో) రాస్తాం" అని అడగడం మేలు. తన అభ్యంతరం ఫ్లాటు నంబరుతో సహా పుస్తకంలోకి ఎక్కిందని తెలిసిన మనిషికి మళ్ళీ మళ్ళీ అరిచే అవసరం తగ్గుతుంది.

ఆ ఆదివారం

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం చూడండి. ముహూర్తాలున్న ఆదివారం కోరం (సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) రాదు. ఇండియా మ్యాచ్ ఉన్న మధ్యాహ్నమూ అంతే. అమెరికాలో ఉన్న యజమానులు చాలామంది ఉంటే ఉదయం 8:30 మంచి వేళ. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదో పదో అవుతుంది, చలికాలమా ఎండాకాలమా అన్నదాన్ని బట్టి. ఎనిమిదింటికి ఇడ్లీ, వడ, కాఫీ పెడితే సమయానికి వస్తారు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఖాళీ కడుపుతో పన్నెండున్నర దాకా సాగిన సభలో ఎవరూ ఎవరి మాటా వినరు. రెండు గంటలకి మించి పెట్టకండి.

లోపలికి వచ్చే దారిలో ఒక బల్ల వేసి, అక్కడే ఓటు సంగతి తేల్చేయాలి. ఫ్లాటుకి ఒక ఓటు కార్డు, దాని మీద ఫ్లాటు నంబరు. భార్యాభర్తల పేర్లమీద ఇల్లుంటే ఇద్దరికీ కలిపి ఒకటే కార్డు. బైలాస్ ప్రాక్సీ (రాలేనివాళ్ళ బదులు ఇంకొకరు ఓటేయడం) ఒప్పుకుంటే సంతకమున్న కాగితం అక్కడే తీసుకోవాలి. బకాయి ఉన్నవాళ్ళకి ఓటు ఉందా లేదా అన్నదీ బైలాస్ చూసి ముందురోజే తేల్చి, వాళ్ళకి విడిగా చెప్పాలి. అందరి మధ్య "మీకు ఓటు లేదు" అనిపించుకున్న మనిషి ఇక ఊరుకోడు. అద్దెకున్నవాళ్ళకి వేరే రంగు కార్డు ఇవ్వండి. ఓటు లేకపోయినా నీళ్ళూ సెక్యూరిటీ గురించి మాట్లాడే హక్కు వాళ్ళకి ఉండాలి, అక్కడ రోజూ బతికేది వాళ్ళే కదా.

కోరం చాలకపోతే అరగంట వాయిదా వేసి, ఉన్నవాళ్ళతో నడిపించవచ్చని చాలా బైలాస్‌లో ఉంటుంది. చట్టప్రకారం అది సరే. కానీ పన్నెండు మంది కూర్చుని ఎనిమిది లక్షల ఖర్చు ఆమోదిస్తే, రాని నలభై ఎనిమిది మంది దాన్ని తమ నిర్ణయమనుకోరు. అలాంటి రోజున లెక్కలు, చిన్న పనులు ముగించి పెద్ద అంశాన్ని ఇంకో తేదీకి వేయడమే తెలివి.

అధ్యక్ష కుర్చీలో ప్రెసిడెంటు కూర్చోకూడదు. ఈ మాటకి చాలామంది నొచ్చుకుంటారు. ఆయన పనితీరునే సభ అడుగుతోంది, ఆయనే "మీరు కూర్చోండి" అంటుంటే ఎవరు కూర్చుంటారు? బైలాస్ ప్రకారం ఆయనే అధ్యక్షత వహించాలని ఉంటే, ఆయన తెరిచి, సభ అనుమతితో ఆ రోజుకి నడిపే పనిని ఇంకొకరికి అప్పగించవచ్చు. ఆ ఇంకొకరు ఆ రోజు ముఖ్యాంశంలో లాభనష్టాలు లేనివాళ్ళయి ఉండాలి. వయసులో పెద్దాయన కదా అని పిలిస్తే ఆయన తీర్పులు చెప్పడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. నడిపేవాళ్ళకి అభిప్రాయం ఉండొచ్చు, నోటి వెంట రాకూడదు.

మైకు చేతులు మారనివ్వకండి. ఒక స్టాండు మీద పెట్టి, మాట్లాడదలచినవాళ్ళు అక్కడికి నడిచి రావాలి. ఆ ఆరడుగుల నడకలోనే సగం ఆవేశం దిగిపోతుంది, వరుస కూడా కళ్ళకి కనబడుతుంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ఎదురుగా ఫోనులో టైమరు. అందరూ ఒక్కసారి మాట్లాడాకే ఎవరికైనా రెండోసారి. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళ కోసం ఒక మనిషిని పూర్తిగా కేటాయించాలి. సెల్లార్ ప్రతిధ్వనిలో వాళ్ళకి ఏమీ వినబడదు, పట్టించుకోలేదన్న కోపం మాత్రం మిగులుతుంది.

ఎవరైనా గొంతు పెంచితే "శాంతించండి సార్" అనడం అగ్గికి ఆజ్యం. అందులో "మీరు అశాంతిగా ఉన్నారు" అన్న నింద ఉంది. "402 గారూ, ఏం జరిగితే మీకు సరిపోతుందో ఒక్కమాటలో చెప్పండి, రాసుకుంటాం" అంటే ఆయన ఫిర్యాదులోంచి కోరికలోకి రావాలి. చెప్పినదే మళ్ళీ చెప్తుంటే, "ఈ మాట రాశాం, తెర మీద చూడండి. కొత్తది ఉంటే చెప్పండి" అనాలి. మనిషి మీదికి వెళ్ళే మాట ఏదైనా, "నువ్వెంత తిన్నావ్" లాంటిది, మొదటిసారే ఆపాలి. మూడోసారికి ఆపితే మొదటి రెండు మాటలు పడ్డవాడు తన వంతు జవాబు ఇచ్చేసి ఉంటాడు. చేయి దాటుతోందంటే ఐదు నిమిషాలు టీకి ఆపండి, ఆ ఐదు నిమిషాల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయబోకండి. ఒక్కొక్కరి దగ్గరికి విడిగా వెళ్ళండి.

వాట్సాప్ పోల్ పెట్టి నిర్ణయం చేశామనే సంఘాలకి ఒక్క మాట: అందులో అద్దెవాళ్ళు ఓటేస్తారు, ఒకే ఇంట్లో ముగ్గురు వేస్తారు, నోటీసు ఉండదు, కోరం ఉండదు. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి పనికొస్తుంది, తీర్మానానికి పనికిరాదు.

రాసేదాకా నిర్ణయం కాదు

తీర్మానం వాక్యాన్ని సభలోనే తెర మీద టైపు చేసి, చదివి వినిపించి, ఆ తర్వాతే కార్డులు ఎత్తమనాలి. "లిఫ్టు బాగుచేయించాలని తీర్మానించడమైనది" అన్నది పనికిరాని వాక్యం. "రెండో లిఫ్టు కంట్రోలర్ ప్యానెల్‌ని మూడు కొటేషన్లు తీసుకుని, 4,20,000 రూపాయలకి మించకుండా, కార్పస్ వడ్డీ నుంచి, సెప్టెంబరు 30లోగా మార్చాలి. బాధ్యత: ట్రెజరర్, ఫ్లాట్ 305. ఖర్చు మించితే పని మొదలుపెట్టకుండా మళ్ళీ సభ ముందుకి రావాలి" అన్నది వాక్యం. ఎవరు, ఎంత, ఎందులోంచి, ఎప్పటికి, తప్పితే ఏమిటి. వీటిలో ఒక్కటి లేకపోయినా వచ్చే ఏడాది గొడవకి విత్తనం ఇప్పుడే వేసినట్టు.

మినిట్స్ 48 గంటల్లో వెళ్ళాలి. పంపే ముందు చిత్తు ప్రతిని, ఓడిపోయిన పక్షంలో గట్టిగా మాట్లాడిన ఇద్దరికి చూపించి, తమ అభ్యంతరం సరిగ్గా రాశారో లేదో అడగాలి. నిర్ణయం మార్చే హక్కు వాళ్ళకి లేదు, తమ మాటని సరిచేసే హక్కు ఉంది. కొత్త కమిటీ ఎన్నికని లెక్కల సభతో కలపకండి. కలిపితే ప్రతి పద్దు మీదా అడిగే ప్రశ్న ప్రచారంలాగే వినబడుతుంది. బైలాస్ రెండూ ఒకే రోజు ఉండాలంటే, లెక్కలు ఆమోదించి, అరగంట విరామమిచ్చి, వేరే మనిషి ఎన్నికల అధికారిగా రెండో భాగం మొదలుపెట్టాలి.

ఇంత చేసినా కొన్ని తగాదాలు తేలవు. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే సభ్యుల మధ్య వివాదం ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) గానీ జిల్లా కోర్టుకి గానీ వెళ్తుంది. అక్కడిదాకా పోతే ఎవరెంత గట్టిగా అరిచారన్నది ఎవరికీ పట్టదు. నోటీసు అందరికీ ఎన్ని రోజుల ముందు అందిందో రుజువు, సంతకాలున్న హాజరు పుస్తకం, కార్డుల లెక్క, మినిట్స్ అడుగుతారు. వాటిని సెక్రటరీ ఇంట్లో బీరువాలో కాక, సంఘం ఆఫీసులో ఒక ఫైలు, స్కాన్ చేసిన కాపీ ఒకటి సంఘం పేరుమీదున్న ఈమెయిల్లో ఉంచండి. సెక్రటరీలు మారినప్పుడల్లా ఆ పాస్‌వర్డు కూడా చేతులు మారాలి.